ఇంట గెలిచింది చాలు, రచ్చన ఓడిరా

2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో సానియా మీర్జా 6-4, 5-7, 6-3తో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొందరెంకోను ఓడించింది. మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ టూర్ డబ్ల్యూటీఏలో సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే. ఈ సంగతి పోటీ పరీక్షల గైడ్లలో కూడా దొరుకుతుంది.

ఆ కప్పుకు ముందు రెండేళ్లు అదే టోర్నీలో ఏం జరిగిందో మాత్రం గైడ్లలో ఉండదు. 2003లో పదహారేళ్ల సానియాకు నిర్వాహకులు వైల్డ్ కార్డు (ర్యాంకుతో పనిలేకుండా నేరుగా ఆడే అవకాశం) ఇచ్చారు. డబ్ల్యూటీఏ స్థాయిలో ఆమెకు అదే మొదటి మ్యాచ్. ఆస్ట్రేలియాకు చెందిన ఈవీ డొమినికోవిచ్ చేతిలో మూడు సెట్లలో ఓడి మొదటి రౌండ్‌లోనే బయటికొచ్చింది. 2004లో మళ్లీ వైల్డ్ కార్డు, మళ్లీ మొదటి రౌండ్, మళ్లీ ఓటమి. ఈసారి ఎదుట ఉన్నది ఇంకో ఆస్ట్రేలియన్, నికోల్ ప్రాట్. ఆ ఏడాది టైటిల్ కూడా చివరికి ప్రాట్‌దే. అంటే ఊరంతా చూస్తుండగా, వరుసగా రెండేళ్లు, సొంతగడ్డ మీద ఆ టోర్నీలో ఒక్క సింగిల్స్ మ్యాచ్ కూడా గెలవకుండా వెనుదిరిగిన అమ్మాయి మూడో ఏడు కప్పెత్తింది.

విజయగాథలు రాసేవాళ్లకు మూడో ఏడు ముద్దు. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ఆదిలాబాద్‌లోనో రాకెట్ పట్టుకున్న పిల్లకు, పిల్లాడికి పనికొచ్చేవి ఆ మొదటి రెండేళ్లు. ఇక్కడ మాట్లాడబోయేది వాటి గురించే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. చాలా వ్యవహారాల్లో అది మంచి మాటే. టెన్నిస్ పిల్లల దగ్గర మాత్రం అది ఒక్కోసారి తిరగబడుతుంది. మన జిల్లా కేంద్రాల్లో టెన్నిస్ కోర్టు అంటే చాలాకాలం ఆఫీసర్స్ క్లబ్బే. కాకుంటే ఏదో ఒక కంపెనీ టౌన్‌షిప్. ఆడే పిల్లలు పిడికెడు మంది. కాస్త చురుకైన పిల్ల ఏడాదిన్నర తిరక్కుండానే తోటివాళ్లందరినీ ఓడించేస్తుంది. పన్నెండేళ్లకే క్లబ్బులో నడివయసు సార్లను కూడా ఓడిస్తుంది. "ఈ బిడ్డ పక్కా సానియా అయితది" అని ఎవరో అంటారు. జిల్లా ఎడిషన్లో ఫొటో వస్తుంది. చౌరస్తాలో ఫ్లెక్సీ లేస్తుంది. ఆ ఫ్లెక్సీ వెలిసేలోపు ఇంకో ఊరికి వెళ్లి ఓడి రాకపోతే, ఆ పిల్ల ఆట అక్కడే ఆగిపోతుంది.

ఎందుకంటే క్లబ్బు సార్లను ఓడించడానికి కావలసిన టెన్నిస్ వేరు. బంతి వెనక్కి పంపుతూ ఉంటే చాలు, వాళ్లే తప్పు చేస్తారు. హైదరాబాద్ అకాడమీలో రోజుకు నాలుగు గంటలు ఆడే పద్నాలుగేళ్ల పిల్ల తప్పు చేయదు. నీ బ్యాక్‌హ్యాండ్ బలహీనమని రెండో గేముకే కనిపెట్టి, ఇక అన్ని బంతులూ అటే పంపుతుంది. ఈ సంగతి నీకు ఇంట్లో ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగేది ఆమె ఒక్కతే, అది కూడా 6-1, 6-0 రూపంలో.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. 32 మంది నాకౌట్ డ్రాలో టోర్నీ ముగిసేసరికి 31 మంది ఓడిపోతారు. పరీక్షలో ముప్పై ఇద్దరూ పాసవ్వొచ్చు, డ్రాలో ఆ వీల్లేదు. ప్రతి వారం రెండు రౌండ్లు గెలిచే ఆటగాడంటే మంచి ఆటగాడే. అతను కూడా ప్రతి వారం ఓడే ఇంటికి వెళ్తాడు. క్రికెట్‌లో జట్టు ఓడినా నీ అర్ధసెంచరీ నీకు మిగులుతుంది, పదిమందితో పంచుకుంటే ఓటమి బరువు తగ్గుతుంది. టెన్నిస్‌లో పంచుకోవడానికి ఎవరూ ఉండరు. కాబట్టి ఓటమిని తట్టుకోవడం ఈ ఆటలో పై మెరుగు కాదు, సర్వీసు ఎంతో అదీ అంతే. సర్వీసు నేర్చుకున్నట్టే పట్టుబట్టి నేర్చుకోవాలి.

మళ్లీ సానియా దగ్గరికి వెళ్దాం, ఈసారి ఆ ఓటముల తర్వాతి నెలల్లోకి. 2003 ఓటమి తర్వాత ఆమె ఇంకో వైల్డ్ కార్డు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. తన వయసు వాళ్లతో జూనియర్ టెన్నిస్ ఆడింది. అదే జులైలో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. ఆ ఏడాది చివర్లో హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు గెలిచింది. 2004లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) చిన్న టోర్నీల్లో ఆరు సింగిల్స్ టైటిళ్లు కొట్టింది. టీవీలు రాని, జనం లేని టోర్నీలవి. నైజీరియాలోని లాగోస్ దాకా వెళ్లి ఆడింది. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడింది, అదీ వైల్డ్ కార్డుతోనే. అక్కడ రెండు మ్యాచ్‌లు గెలిచి మూడో రౌండ్‌లో సెరీనా విలియమ్స్ ముందు నిలబడింది. మొదటి సెట్ 1-6. రెండోది 4-6. ఓడిపోయింది, కానీ ఒకటి నుంచి నాలుగు దాకా ఎలా వచ్చిందో చూడండి: గంటలోపు, ఆ ఏడాది ఆ టైటిల్ గెలవబోతున్న మనిషి ఎదుట, ఆట మధ్యలోనే దారి వెతుక్కుంది. కొన్ని వారాలకే హైదరాబాద్ కప్పు. మార్చిలో దుబాయ్‌లో, యూఎస్ ఓపెన్ చాంపియన్‌గా ఉన్న స్వెత్లానా కుజ్నెత్సోవా మీద 6-4, 6-2 గెలుపు. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే ముక్క ఇంకోటుంది. 2004 హైదరాబాద్ టోర్నీలో సింగిల్స్ మొదటి రౌండ్‌లో ఓడిన ఆ వారంలోనే లీజెల్ హ్యూబర్‌తో కలిసి సానియా డబుల్స్ టైటిల్ గెలిచింది. డబ్ల్యూటీఏలో ఆమెకు అదే మొదటి టైటిల్. సింగిల్స్ పోయిందని ముసుగుతన్ని పడుకుంటే ఆ డబుల్స్ ఉండేది కాదు. మన పిల్లలు సింగిల్స్ ఓడగానే "డాడీ, బస్సెక్కుదాం" అంటారు. తండ్రులు కూడా సరే అంటారు, సెలవు మిగులుతుంది కదా అని. ఎక్కొద్దు. డబుల్స్‌కు పేరిచ్చి ఉంటే ఆడు. లేదంటే ఆ సాయంత్రం నిన్ను ఓడించినమ్మాయి తర్వాతి మ్యాచ్ చూడు. ఆమెను ఎవరు, ఎలా ఇబ్బంది పెట్టారో చూస్తే అంతకు మించిన కోచింగ్ ఉండదు, దానికి ఫీజు కూడా లేదు.

అయితే ఓడమన్నాను కదా అని ఎక్కడ పడితే అక్కడ ఓడొద్దు. ప్రతిసారీ 6-0, 6-0 అయితే నేర్చుకునేదేమీ ఉండదు, భయం తప్ప. అఖిల భారత టెన్నిస్ సంఘం జూనియర్ టోర్నీలను మెట్లు మెట్లుగా పెట్టింది. అండర్-12, 14, 16, 18 అని వయసు వర్గాలు. టాలెంట్ సిరీస్, చాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్ అని స్థాయులు. పదమూడేళ్లు నిండితే ఐటీఎఫ్ జూనియర్ సర్క్యూట్ ఉంది, జె30 నుంచి జె500 దాకా. ఈ మెట్లలో నువ్వు నిలబడాల్సింది ఏది? నా లెక్క మొరటుగా ఉంటుంది: వరుసగా రెండు టోర్నీలు సులభంగా గెలిస్తే పై మెట్టుకు పో. వరుసగా నాలుగైదు సార్లు మొదటి రౌండ్‌లోనే, అదీ పోటీ లేకుండా పోతే ఒక మెట్టు దిగు. దిగడం అవమానం కాదు. వింబుల్డన్ జూనియర్ టైటిల్ చేతిలో ఉన్న సానియా చిన్న టోర్నీలు ఆడింది. ఒకట్రెండు రౌండ్లు గెలిచి, మూడోదాంట్లో చెమటోడ్చి ఓడే చోటు దొరికిందా, అదే నీ చోటు. కొన్నాళ్లు అక్కడ పాతుకో.

భూగోళం సంగతి కూడా చూసుకోవాలి. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ 160 కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం మ్యాచ్ ఆడొచ్చు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. నాగ్‌పూర్ మాత్రం 200 లోపే, అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి. ఆదిలాబాద్ తల్లిదండ్రులు చాలామంది హైదరాబాద్ వైపే చూస్తారు. టోర్నీ క్యాలెండర్లో మహారాష్ట్ర పేజీ కూడా తిప్పండి. మరాఠీ చెవిన పడని ఆదిలాబాద్ పిల్లలు ఎంతమంది? నాగ్‌పూర్ మీకు పరాయి ఊరేమీ కాదు.

పరాయి ఊరి గురించి అన్నాను కాబట్టి ఒక ముఖ్యమైన మాట. మన దగ్గరి పిల్లలు పెద్ద నగరాల్లో ఓడేది చాలాసార్లు ఫోర్‌హ్యాండ్ వల్ల కాదు, గొంతు వల్ల. జూనియర్ టోర్నీల తొలి రౌండ్లలో చాలాచోట్ల ప్రతి కోర్టుకూ అంపైర్ ఉండడు. గీతలు పిల్లలే చూసుకోవాలి. నీ వైపు పడ్డ బంతి అవుటో కాదో నువ్వే చెప్పాలి. సర్వీసు చేసేవాళ్లు ప్రతి పాయింటుకు ముందు స్కోరు అవతలివాళ్లకు వినపడేలా చెప్పాలి. అవతలి పిల్లాడు ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడుతుంటే, ఖరీదైన కిట్ బ్యాగులు మూడు బెంచీ మీద పెట్టుకుంటే, జగిత్యాల పిల్లాడి నోరు పెగలదు. 30-15 అయినదాన్ని అవతలివాడు 15-30 అంటాడు, కావాలనో పొరపాటునో. వీడు నోరెత్తడు. ఒక పాయింటు పోయింది, దాని వెంట మరో నాలుగు మనసులో పోతాయి.

దీనికి మందు చాలా సులభం. ఇంటి దగ్గర ప్రాక్టీసులో కూడా ప్రతి పాయింటుకు స్కోరు గట్టిగా చెప్పు. తెలుగులో చెప్పినా ఫర్వాలేదు, గట్టిగా చెప్పడమే అసలు సంగతి. తేడా వస్తే ఆట ఆపి, ఇద్దరికీ గుర్తున్న చివరి స్కోరు దాకా వెనక్కి వెళ్లి, పాయింటు పాయింటు లెక్కపెట్టుకుంటూ రావాలి. అప్పటికీ తేలకపోతే రిఫరీని పిలవాలి. పిలవడం గొడవ కాదు, అది నియమం. అలాగే గీతకు దగ్గర్లో పడ్డ బంతి అవుటని నీకు కచ్చితంగా కనబడకపోతే అది మంచి బంతే. అనుమానం వచ్చిందంటే పాయింటు ఎదుటివారికే. నియమం అలాగే ఉంది. పన్నెండేళ్ల వయసులో, 5-5 దగ్గర, ఎవరూ చూడని కోర్టులో తనకు నష్టమైన బంతిని "మంచిదే" అని చెప్పగలిగిన పిల్లకు ఇక వ్యక్తిత్వ వికాస శిబిరాలు అక్కర్లేదు. ఆ ఫీజుతో రాకెట్‌కు గట్టింగ్ చేయించండి.

ఓడొచ్చాక ఏం చేయాలన్నది పిల్లల కంటే ఇంట్లోవాళ్లకు ఎక్కువ తెలియాలి. కోర్టు గేటు దాటగానే మొదటి ప్రశ్న "గెల్చినవా బిడ్డా?" అనే వస్తుంది. ఓడిందని తెలిశాక రెండోది: "ఎట్ల ఓడినవ్? మొన్న గా పిల్లను ఓడగొట్టినవ్ గదా!" ఆ తర్వాత బస్సులో మూడు గంటల మౌనం, లేదా మూడు గంటల క్లాసు. రెండూ ఒకటే. పిల్లకు అర్థమయ్యేదేమిటంటే, ఓడితే ఇంట్లో వాతావరణం మారుతుంది. ఇక తర్వాతి టోర్నీలో ఆమె బంతిని ఆడదు, మీ మొహాన్ని ఆడుతుంది.

దీనికి బదులు ఒక పని చేయండి. మ్యాచ్ జరుగుతున్నప్పుడు ఫెన్సింగ్ అవతల నుంచి సైగలు, నిట్టూర్పులు మాని ఒక చిన్న నోటుబుక్కు పట్టుకోండి. డబుల్ ఫాల్ట్‌కు ఒక గీత. మొదటి సర్వీసు పడితే ఒక గీత. నెట్‌కు కొట్టిన బంతికి ఒకటి, బయటికి కొట్టినదానికి ఒకటి. 30-30 దగ్గర, డ్యూస్ దగ్గర ఏమైందో రెండు ముక్కలు. టెన్నిస్ రాని తండ్రి కూడా ఇది చేయగలడు. ఆ రోజు ఏమీ మాట్లాడొద్దు. మిర్చి బజ్జీ తినిపించి ఇంటికి తీసుకెళ్లండి. మర్నాడు ఆ కాగితం పిల్ల చేతికో కోచ్ చేతికో ఇవ్వండి. "బాగా ఆడలేదు" అన్న మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. "రెండో సెట్లో ఏడు డబుల్ ఫాల్టులు, అందులో ఐదు గేమ్ పాయింట్ దగ్గర" అంటే సోమవారం పొద్దున ఏం ప్రాక్టీసు చేయాలో తేలిపోయింది. ఏడుపు కూడా సగం తగ్గుతుంది, ఎందుకంటే ఓడింది తను కాదు, తన రెండో సర్వీసు.

సానియాకు తండ్రి ఇమ్రాన్ మీర్జానే కోచ్‌గా వ్యవహరించారు. చిన్నతనంలో సి.కె. భూపతి దగ్గర, తర్వాత సికింద్రాబాద్‌లోని సిన్నెట్ అకాడమీలో నేర్చుకుంది. అది చూసి ప్రతి తండ్రీ కోచ్ కావాలనుకోవడం నాకు భయంగానే ఉంటుంది. తండ్రి కోచ్ అయితే పిల్లకు ఓడినరోజు తండ్రి ఉండడు. ఆ రెండు పాత్రల మధ్య గీత గీయగలిగినవాళ్లు అరుదు. గీయలేనివాళ్లు నోటుబుక్కు దగ్గర ఆగిపోతే చాలు.

మెచ్చుకోలును కూడా ఓటమి అంత జాగ్రత్తగానే పుచ్చుకోవాలి. అమెరికా అమ్మాయి జెన్నిఫర్ కాప్రియాటి 1990లో, పద్నాలుగు నిండకముందే, ప్రొఫెషనల్ అయింది. ఆ ఏడాదే ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ స్వర్ణం. 1993 యూఎస్ ఓపెన్ తర్వాత ఆట వదిలేసింది. వ్యక్తిగత జీవితం చిక్కుల్లో పడింది. తిరిగొచ్చి 2001లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ ఓపెన్‌లు గెలిచింది కానీ మధ్యలో పోయిన ఏళ్లు పోయినవే. ఆమె అనుభవం తర్వాతే మహిళల టెన్నిస్‌లో చిన్న వయసు వాళ్లు ఏడాదికి ఎన్ని టోర్నీలు ఆడొచ్చో పరిమితులు గట్టిగా పెట్టారు. ప్రపంచమే ఇంత జాగ్రత్తపడితే మనం పదకొండేళ్ల పిల్ల పేరు మీద "ఫ్యూచర్ స్టార్" అని ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరుస్తున్నాం. ఆ పేజీకి కొత్త గెలుపులు కావాలి. గెలుపుల కోసం సులభమైన టోర్నీలు కావాలి. ఇక ఎదుగుదల ఎక్కడ?

చిన్న పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. పదేళ్లలోపు పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులు మెల్లగా, తక్కువ ఎత్తుకు లేస్తాయి. ఎనిమిదేళ్ల పిల్ల నడుం దగ్గర బంతి దొరికి సరైన స్వింగ్ అలవడుతుంది. పసుపు బంతితో మొదలుపెడితే భుజం మీదికి లేచిన బంతిని ఎలాగో కొట్టడం నేర్చుకుంటారు, పదిహేనేళ్లకు ఆ అలవాటును విప్పలేక ఏడుస్తారు. "మా బుడ్డోడు పెద్దోళ్ల బంతితోనే ఆడుతడు" అన్న గొప్ప మనకొద్దు.

ఒంటి సంగతికి వస్తే, ఉత్తర తెలంగాణ పిల్లలకు నేను జాలిపడను, నిజానికి కొంచెం అసూయ. రామగుండంలో, ఆదిలాబాద్‌లో మే ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఆదిలాబాద్ డిసెంబరు తెల్లవారుజాము సింగిల్ డిజిట్‌కు దిగుతుంది. ఈ రెంటిలోనూ పెరిగిన శరీరం ఏ ఊరు వెళ్లినా వాతావరణాన్ని సాకుగా చెప్పదు. అయితే ఎండను ఓర్చుకోవడం వేరు, మొండికేయడం వేరు. భారత ఆటగాడు సాకేత్ మైనేని 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటుకుని మెయిన్ డ్రాకు వెళ్లి, యిరి వెసెలీతో ఐదు సెట్లు పోరాడాడు. చివర్లో కండరాలు పట్టేసి, చేతిదాకా వచ్చిన మ్యాచ్ పోయింది. అంత అనుభవం ఉన్నవాడికే ఒళ్లు మొండికేస్తే, సీసాడు నీళ్లతో మూడు మ్యాచ్‌లు ఆడేసే పద్నాలుగేళ్లవాడి మాటేమిటి? నీళ్లు, ఉప్పు, పంచదార, అరటిపండు, నిద్ర. వీటికి కోచ్ అవసరం లేదు.

కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూళ్లున్నాయి. నాలుగో తరగతికి ఎంపిక జరిగేటప్పుడు పెట్టే పరీక్షలు ఎప్పుడైనా చూశారా? ముప్పై మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, నిలబడి దూకడం, పైకి ఎగరడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు వంచడం, ఎనిమిది వందల మీటర్ల పరుగు. బంతి ఆట ఒక్కటీ లేదు. పునాది అదే కాబట్టి. కబడ్డీ కూతకెళ్లి తిరిగొచ్చే పిల్లకు, ఖోఖోలో స్తంభం చుట్టూ మలుపు తిరిగే పిల్లకు టెన్నిస్ కోర్టు మీద కాళ్లెలా కదపాలో ఎవరూ నేర్పక్కర్లేదు. పదమూడేళ్ల దాకా ఆ ఆటలు మాన్పించకండి. ఆస్ట్రేలియా తార ఆష్లీ బార్టీ పదిహేనేళ్లకే వింబుల్డన్ జూనియర్ చాంపియన్. 2014లో అలసిపోయి టెన్నిస్ వదిలి, బ్రిస్బేన్ హీట్ జట్టులో క్రికెట్ ఆడింది. 2016లో తిరిగొచ్చి ఫ్రెంచ్, వింబుల్డన్, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లు గెలిచింది. వేరే ఆట ఆడితే ఈ ఆట పోతుందన్నది అకాడమీల వ్యాపార భయం.

మన పక్కనే నిజామాబాద్‌లో బాక్సర్ నిఖత్ జరీన్ ఉంది. ఆట వేరు, పాఠం ఒకటే. 2011లో టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది, అప్పటికి పద్నాలుగేళ్లు. సీనియర్ ప్రపంచ టైటిల్ ఎప్పుడు? 2022, ఇస్తాంబుల్‌లో. మధ్యలో పదకొండేళ్లు, 2017లో భుజం గాయంతో రింగుకే దూరమైన కాలం కూడా అందులో ఉంది. పద్నాలుగేళ్లకు ప్రపంచం గెలిచిన పిల్లకే పెద్దల ప్రపంచం గెలవడానికి పదకొండేళ్లు పట్టింది. "రెండేండ్లయింది, ఇంకా స్టేట్ ర్యాంకు రాలే" అని కోచ్‌ను మార్చే బాపులు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇక అసలు గండం. మన జిల్లాల్లో టెన్నిస్ పిల్లలను ఓడించేది టాప్ సీడ్ కాదు, ఇంటర్ ఫస్టియర్. పదో తరగతి ఫలితాలు రాగానే కార్పొరేట్ కాలేజీ వాళ్లు ఇంటికొస్తారు. "రెండేండ్లు ఆట బంద్ పెట్టు, సీటొచ్చినంక ఆడుకో" అంటారు అందరూ, ప్రేమతోనే. రాకెట్ సజ్జ మీదికి ఎక్కుతుంది. పదిహేను నుంచి పదిహేడు దాకా ఆగిన ఆట మళ్లీ అదే చోట మొదలవదు. సరిగ్గా ఆ రెండేళ్లలోనే ఒళ్లు బలపడి ఆట పిల్లల స్థాయి నుంచి పెద్దల స్థాయికి మారుతుంది. నేను చదువు మానమనడం లేదు. దానికి పూర్తి వ్యతిరేకం చెబుతున్నాను. సాకేత్ మైనేని అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడి, అక్కడి నుంచే ప్రొఫెషనల్ టెన్నిస్‌కు వచ్చాడు; 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి కూడా అమెరికా కాలేజీ టెన్నిస్ నుంచే వచ్చి భారత జట్టులో చేరింది. అక్కడ చోటు దొరకాలంటే ఆట ఒక్కటే చాలదు, స్కూలు మార్కులు కూడా అర్హత ప్రకారం ఉండాలి. అంటే మార్కులు, రాకెట్ ఒకే దారిలో నడిచే మార్గం ఒకటుంది. మన కాలేజీ ఏజెంట్లకు దాని గురించి తెలియదు, తెలిసినా చెప్పరు.

అందరూ అమెరికా వెళ్లాలని కాదు. రష్మిక శ్రీవల్లి భమిడిపాటి హైదరాబాద్‌లోనే పెరిగి, 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన మహిళల జట్ల పోటీ బిల్లీ జీన్ కింగ్ కప్‌లో సింగిల్స్‌లో ఓటమి లేకుండా నిలిచింది. రిత్విక్ చౌదరి బొల్లిపల్లి డబుల్స్‌ను నమ్ముకుని 2024లో అల్మాటీలో అర్జున్ కాధేతో కలిసి ఏటీపీ (పురుషుల టూర్) టైటిల్ గెలిచాడు. దారులు నాలుగైదున్నాయి. వాటిలో ఏదీ ఇంటర్‌లో రెండేళ్లు ఆట మూసేయడంతో మొదలవదు.

కాబట్టి పదో తరగతి సెలవుల్లోనే ఇంట్లో కూర్చుని బేరమాడు. పూర్తి రోజు అడగకు, ఇవ్వరు. పొద్దున గంటంబావు అడుగు. వారానికి ఒక పూట మ్యాచ్. ఏడాదికి నాలుగు టోర్నీలు, సెలవుల్లోనే. దానికి బదులుగా ఏ యూనిట్ టెస్టులో ఎన్ని మార్కులు తెస్తావో కాగితం మీద రాసివ్వు, తెచ్చి చూపించు. కాలేజీ ఎంచుకునేటప్పుడు హాస్టల్ ర్యాంకులు కాదు, పొద్దున ఏడున్నర దాకా బయట ఉండనిస్తారా లేదా అడుగు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు "కుదరదు" అయితే, పక్క వీధిలో ఇంకో కాలేజీ ఉంటుంది.

ఈ వారం చేయాల్సిన పని కూడా చెప్పేస్తాను. అఖిల భారత టెన్నిస్ సంఘంలో ఆటగాడి రిజిస్ట్రేషన్ లేకుంటే చేయించు. వయసు ధ్రువపత్రం ముందే తీసిపెట్టుకో, మునిసిపాలిటీ చుట్టూ తిరగడానికి టోర్నీ ముందు వారం సరిపోదు. క్యాలెండర్ తెరిచి నీ వయసు వర్గంలో హైదరాబాద్‌లోనో నాగ్‌పూర్‌లోనో రాబోయే టాలెంట్ సిరీస్ ఒకటి చూసుకుని, గడువులోపు ఎంట్రీ పంపు. బస్సు టికెట్ తిరుగు ప్రయాణానికి ముందే కొనకు. ఏ రోజు ఓడతావో ఎవరికి తెలుసు?